కింది సొరుగు

బుధవారం సాయంత్రాలు లైబ్రరీలో ఏడుగురం కూర్చుంటాం.
నవంబరు ఇరవై దాటాక మా హామర్‌ఫెస్ట్‌లో
సూర్యుడు రెండు నెలలు మొహం చూపించడు,
చదవడానికి వేరే సాకు అక్కర్లేదు.

ఈ వారం కథ నూరేళ్ల నాటిది. పెళ్లి గురించి.
భార్య తన బీరువాలో కింది సొరుగుకి తాళం వేసుకుంటుంది.
నలభై ఏళ్లు. భర్త అడగడు.
అడగకపోవడం మర్యాద అనుకుంటాడు,
ఆ మర్యాద మీద కొంచెం గర్వం కూడా.
ఆమె పోయాక కుట్టుపెట్టెలో తాళంచెవి దొరుకుతుంది.
తెరుస్తాడు.
ఖాళీ.
అక్కడితో కథ సరి.

బెర్గితె కళ్లజోడు తీసి తుడుచుకుంది.
రిటైరైన పాస్టరుగారు, "దాచడానికేమీ లేని మనిషి,
అదీ ప్రేమంటే" అన్నారు.
లైబ్రేరియను కుర్రాడు సిండ్రె, ఇంకా పెళ్లి కానివాడు,
"పగ తీర్చుకుంది" అన్నాడు.
నా వంతు వచ్చింది.
కాఫీ చల్లారిపోయిందని మాత్రం చెప్పాను.

అయ్యా, కథ రాసినాయనా,
హార్బరు హోటల్లో ఇరవై ఆరేళ్లుగా గదులు తుడుస్తున్నాను.
సొరుగుల సంగతి నన్నడుగు.
ఎవరూ ముట్టని సొరుగులోనూ దుమ్ము పుడుతుంది,
ఎక్కణ్నుంచి వస్తుందో దానికే తెలియాలి.
మూలల్లో నూగులా పేరుకుంటుంది,
ఒక గుండుసూది, ఒక చచ్చిన ఈగ,
ఎప్పటిదో ఒక వెంట్రుక.
నువ్వేమో "అడుగుచెక్క శుభ్రంగా ఉంది" అని
మూడు ముక్కల్లో తేల్చేసి
ముసలాయన చేత ఏడిపించే పనిలో పడ్డావు.

శుభ్రంగా ఎలా ఉంటుందయ్యా?
ఎవరు తుడిచారు?

ఆమె తెరిచేది.
ఆయన నిద్రపోయాకో, పనికి వెళ్లాకో
మోకాళ్ల మీద కూర్చుని తాళం తిప్పి,
ఏమీ పెట్టకుండా ఏమీ తీయకుండా
తడిగుడ్డతో నాలుగు మూలలూ ఒత్తి
మళ్లీ మూసేది.
ఇంటినిండా ఆయన బూట్లు, ఆయన పైపులు,
ఆయన తల్లి ఇచ్చిన పింగాణీ.
ఆ మూరెడు చోటు మాత్రం
ఎవరి సామానూ లేకుండా.

ఇదంతా అక్కడే చెప్పొచ్చు. చెప్పలేదు.
బూట్లకి మేకుల పట్టీలు తగిలించుకుని
గడ్డకట్టిన దారిలో కొండెక్కి ఇంటికొచ్చాను.

ఏడున్నరకి ఐలిఫ్ కారు వాకిట్లో ఆగుతుంది.
ఇంజను ఆగుతుంది. దీపాలు ఆరిపోతాయి.
తను దిగడు.
పది నిమిషాలు. గడియారం పెట్టి చూశాను.
రేడియో ఉండదు, ఫోను వెలుగు ఉండదు,
స్టీరింగు మీద రెండు చేతులు,
చీకట్లో ఇంకో చీకటిలా తను.
మొదట్లో ఎవరో ఉన్నారనుకున్నాను.
తర్వాత జబ్బేమో అనుకున్నాను.
ఆ తర్వాత, కారు ఆగిన చప్పుడు వినగానే
మరిగే నీళ్లు దించి చేపముక్కలు వేయడం మొదలెట్టాను.
సరిగ్గా ఉడికేసరికి తలుపు చప్పుడవుతుంది.
పందొమ్మిదేళ్లలో మా ఇంట్లో చేప
ఒక్కసారీ ముద్దవలేదు.
చుట్టాలు నా చేతివాటం అంటారు.

ఈ రాత్రి కథేమిటని అడిగాడు.
చెప్పాను. బీరువా, తాళం, ఖాళీ.
దుమ్ము సంగతి ఎత్తలేదు.
నోట్లోంచి ముల్లు తీసి పళ్లెం అంచున పెట్టి
"ఏ చెక్క?" అన్నాడు.
పడవల యార్డులో పనిచేసే మనిషి,
ఇంకేం అడుగుతాడు!
రాయలేదన్నాను.

"ఏ చెక్కైనా ఒకటే.
నలభై ఏళ్లు లాగకుండా వదిలేస్తే
చెమ్మ తాగి బిగుసుకుపోతుంది.
ముసలాడి చేతికి రాదు.
తేలిగ్గా వచ్చిందా?"

సంచిలోంచి పుస్తకం తీసి వెతికాను.
వచ్చింది. వేలు తగిలించగానే, అని ఉంది.

ఐలిఫ్ తలూపాడు.
వెన్నగిన్నె నా వైపు జరిపి,
చాలాసేపటికి,
చేప బాగా కుదిరిందన్నాడు.