బొటనవేలు

బాలిక్చీలో చేపల ఫ్యాక్టరీ గోడ మీద
రెండంతస్తుల మొజాయిక్.
ఒక ఆడమనిషి, చేతుల్లో గోధుమ పన,
తల వెనక సూర్యుడు, సూర్యుడి పక్కన రాకెట్టు.

"చేతులు నావి" అంటుంది బురుల్చా,
గోడ కింద పొగబెట్టిన చేపలు అమ్ముకుంటూ.
"మొహం నాది కాదు.
ఏదో పత్రికలోంచి తెచ్చుకున్నాడు.
దేశానికి చెంపల మీద మచ్చలుండకూడదట."

పంతొమ్మిదేళ్ళప్పుడు
ఒక మధ్యాహ్నమంతా చీపురుకట్ట పట్టుకుని నిలబడింది
(గోధుమలు ఆ ఏడు ఆలస్యం).
చేపల కత్తికి కొస తెగిపోయిన బొటనవేలిని
అతను రంగు పెంకులతో పూర్తిచేశాడు.
ఆ పూట జీతం మాత్రం కోసుకున్నారు.

తర్వాత దేశం పేరు మారింది, జెండా మారింది,
ఫ్యాక్టరీకి తాళం పడింది.
మంచుకు మొదట మొహం రాలింది, పెంకు పెంకుగా.
పిల్లలు ఏరుకుని గచ్చకాయలాడారు.

మొన్న మున్సిపాలిటీవాళ్ళు నిచ్చెన వేసి
"ఇప్పుడెవరి మొహం పెట్టమంటావవ్వా?" అని నవ్వారట.
చిల్లర లెక్కపెడుతూ ఆమె తలెత్తలేదు.

చేపల పొట్లం అందుకుని
నేనెత్తాను.
పన ఇంకా పిడికిట్లో బిగిసే ఉంది.
బొటనవేలి కొస ఒక్కటే
ఈ చలికాలం ఊడిపోయింది,
సరిగ్గా ఆమెకు లేనంత మేర.