మూడో గొంతు

ఉష్గులిలో మంచుకి
రోడ్డూ పోయింది, కరెంటూ పోయింది.
త్సియాలా ఒళ్లో టాబ్లెట్,
దానికి వేలాడుతూ పాత హార్డ్ డ్రైవ్.
టిక్కు, టిక్కు,
ఆపైన ఏమీ లేదు.
“దీనికి నేనిచ్చే కరెంటు చాలదు” అంటోంది తెర,
అప్పివ్వని వాడి మర్యాదతో.

మేనమామ గెలా, పక్కింటి బెక్నూ
చేతులు కట్టుకుని నిలబడ్డారు.
పాటకి మూడు గొంతులు కావాలి.
మూడోది డ్రైవ్‌లో ఉంది,
నవంబరు నుంచి ఇంకెక్కడా లేదు.

గెలా వెళ్లి ట్రాక్టర్ బ్యాటరీ మోసుకొచ్చాడు,
మీసాల నిండా మంచు.
హబ్బుకి తీగలు చుట్టారు. ఒకటి ఊడింది.
తిట్టి, మళ్లీ చుట్టారు.

డ్రైవ్ గిర్రున తిరిగింది.
ఫోల్డర్లు ఒక్కొక్కటే తేలాయి.

ముందు దగ్గు వినిపించింది.
తర్వాత, గొంతు సవరించుకుని,
“కానివ్వండి, చూస్తారేం?”