ఎడమ చెవి

ఏడో రోజు.
సెయింట్ లూయిస్, ఐసీయూ, పదకొండో మంచం.
ఈ కిటికీలోంచి మిసిసిపీ కనబడదు.
బొగ్గు బార్జీలు పోతూనే ఉంటాయి,
వాటికి తాళ్లు బిగించేవాడు ఇక్కడున్నాడు.

తలలో నాళం చిట్లింది. మూసేశారు.
"అసలు భయం ఇప్పుడే," అంది నర్సు.
"ఒలికిన నెత్తురుకి పక్క నాళాలు
బిగుసుకుపోవచ్చు. పద్నాలుగో రోజు దాటాలి."

పొద్దున ఇరవై నిమిషాలు, సాయంత్రం ఇరవై,
ఎడమ చెవికి చిన్న క్లిప్పు.
అందులో కరెంటు పారుతోందో
ఉత్త ప్లాస్టిక్కో
నర్సుకీ తెలీదు, నాకూ తెలీదు.
ఈ పరీక్షే అలాంటిదట.
సంతకం పెట్టింది మాత్రం నేనే.

ఓడెల్,
నలభై ఏళ్లుగా అక్క మాట చెవిన పెట్టని వెధవా,
ఆ తమ్మెకున్న కన్నం నేను పొడిచిందేరా.
ఐసుముక్కతో మొద్దుబార్చి, కుట్టుసూదితో,
నాన్న నైట్ షిఫ్టుకి వెళ్లాక.
ఒక్క చుక్క నెత్తురు.
దానికే ఎంత ఏడ్చావు!

తొమ్మిదో రోజు సాయంత్రం
క్లిప్పు తీసేశాక
నీ చెయ్యి మెల్లగా లేచి
చెవి గోక్కుంది.

"పనిచేసిందా?" అన్నాను.
నర్సు భుజాలెగరేసింది.
"దురదేమో."

దురదే అనుకో తల్లీ.
అదే రాసుకో, పెద్దక్షరాలతో.