లారీ ముడి

ఆదోని పత్తి యార్డులో
హమాలీల గది గోడకు ఒక పటం కావాలన్నారు.
కొత్తగా చేరే పిల్లోళ్లు చూసి నేర్చుకోవాల,
లోడు మీద పట్ట బిగించే ముడి,
ఐదు బొమ్మల్లో.
పోయిన నెల ఎమ్మిగనూరు రోడ్డు మలుపులో
పద్దెనిమిది బేళ్లు జారిపడినాయి.
ఒక మేక తప్ప ఎవరికీ ఏం కాలేదు.
ఇరవై ఏండ్లుగా బోర్డులు రాసేవాణ్ణి,
తాడు గీసేదెంత సేపులే అనుకున్నా.

మొదట ఫోన్లో ఫోటోలు తీసినా.
ఉరుకుందప్ప చేతులు ఆగితే కదా.
"రవ్వంత నిదానంగా కట్టు పెద్దాయనా" అంటే
తాడు పట్టుకుని నిలబడిపోయినాడు
సొంత వీధి మలుపు మరిచినట్టు.
"బిరీన కడితేనే వస్తాదప్పా,
నిదానిస్తే చేతికి గుర్తుండదు."
ఫోటో చూస్తే
తాడుదీ గోనె రంగే, బేలుదీ గోనె రంగే,
మధ్యాన్నం ఎండకు మనిషిదీ అదే.
ఏ పేట పైనుంచి పోయిందో
ఏది కింద దూరిందో
తీసిన నాకే అంతు చిక్కలేదు.

సరే, నాకు తెలిసింది బ్రష్షు.
ఆరో నంబరు పలక బ్రష్షు, ఎనామిల్ డబ్బా.
తాడు నిగనిగలాడతా లావుగా వచ్చింది.
లారీ దిగిన క్లీనరు చూసి
"పాము బాగుందన్నా, ఎవర్ని మింగుతాది?" అన్నాడు.

ఫ్లెక్సీ షాపు ఖాజామొద్దీన్
కంప్యూటర్లో అర్ధగంటకు గీసిచ్చినాడు.
వంపులన్నీ ఒకే కొలత,
నీడ కూడా పడింది, ఏ ఎండకో తెలీదు.
ఉరుకుందప్ప కాగితాన్ని దూరంగా పట్టుకుని చూసి
"ఇది బోరు పైపు.
పైపుకు ముడి పడదు" అన్నాడు.
ఖాజా మూడు వందలు మాత్రం తీసుకున్నాడు.

గుడ్డకు పీటముడి,
దూడకు జారుముడి,
దీని పేరేందని అడిగినా.
"పేరెందుకు? పిలిస్తే వస్తాదా?"

ఆ సాయంత్రం కరెంటు పోయింది.
బేళ్ల లెక్క గీసుకునే సుద్దముక్క
ఆయన చెవి మీద ఉంది.
పరిచిన పట్ట మీద గొంతుక్కూర్చుని
ఒక గీత లాగినాడు.
తిప్పి, దాని మీద నుంచే ఇంకొకటి.
గీతలు దాటుకున్న చోట ఆగి,
బొటనవేలు నాలికకు అద్దుకుని
అంత మేర తుడిచేసినాడు.
"కిందకి పోయింది కదా,
ఇంగ కనపడదు."

నేను దినాల తరబడి
కనపడనిదాన్ని గూడా గీస్తా కూర్చున్నా.

మళ్లీ మొదలుపెట్టినా.
నల్లరంగు పూసిన గోడ, సన్న బ్రష్షు, తెల్లరంగు.
పక్కన కిరోసిన్ తడిపిన పాత బనీను ముక్క.
గీసిందానికంటే తుడిచిందే ఎక్కువ.
కొక్కేనికి ఒక కొస.
నడుమ మెలితిప్పితే కన్ను.
తోక కింద కొక్కెం చుట్టి
పైకొచ్చి కన్నులో దూరాల.
ఇంగ ఒంటి బరువంతా వేసి లాగాల.
బరువెట్ల గీయాలో మాత్రం
ఏ బ్రష్షూ చెప్పలేదు.
రెండు కాళ్లు గీసినా, మడమలు నేలకు తన్నిపెట్టి.

నాలుగో బొమ్మ ఎన్నిసార్లు గీసినా
కన్ను ఊడిపోయేటట్టే ఉంది.
ఉరుకుందప్ప వెనకనుంచి అన్నాడు,
"నా వేలేది?"
నిజమే, ముడి పడేదాకా
ఆ కన్నును నిలబెట్టేది వేలే.
గీసినా,
ఎప్పుడో కొక్కెం కింద నలిగి
సగమే మిగిలిన గోరుతో సహా.

చేరిన పిల్లోళ్లు ఇప్పుడు
ఎడమచేత్తో తాడు పట్టుకుని
కుడి బొటనవేలు ఆ వేలు మీద ఆనించి చూసుకుంటారు.
గోడ మీద అక్కడే
రంగు ముందుగా పోతాంది.
దసరాకొకసారి పోయి దిద్దొస్తా,
కూలి అడగను.