ఈగా, పో

ఆస్పత్రి చీటీ వెనకాల
పక్క మంచం ఎస్తేరమ్మ రాసిచ్చింది:
మైదా, వెన్న, గుడ్డు ఒకటి, సోడా చిటికెడు,
చెరుకు మడ్డి ఒక గ్లాసు.
అడుగున పేరు: షూఫ్లై పై.
"ఈగా పో అని మే, అంతే" అనింది
సెలైన్ లేని చెయ్యి ఊపి.
ఆమిష్ వాళ్ళ వంటంట.
గుర్రబ్బండ్లల్లో తిరుగుతారంట, కరెంటు ముట్టరంట.
ఆ లెక్కన ఎండాకాలం
మా కట్టమంచిలో అందరం ఆమిష్ వాళ్ళమే.

మడ్డి ఎక్కడ తేను?
నాయన ఎప్పుడో మండీ నుంచి తెచ్చిన అచ్చు
అటక మీద కుండలో ఉంది.
వానలకి చెమర్చి, నల్లబడి,
మళ్ళీ పాకంలోకి తిరిగి పోతా ఉంది.
వేలు పెట్టి నాకితే
పెనుమూరు గానుగ పొగ ఇంకా తగిలింది.

ఓవెన్ లేదు.
పాత కుక్కర్లో ఇసక పోసి, గాస్కెట్టు పీకి,
స్టీలు తట్టలో పిండి పరిచినా.
పాకంలో సోడా పడతానే
నురగ బుస్సుమని లేచింది,
కాగే పెనంలో బెండరసం పోస్తే
మురికి పైకొచ్చినట్టు.
పైన చల్లిన పొడి
సగం మునిగింది, సగం తేలింది.
"భయపడొద్దు" అని చీటీలో రాసే ఉంది.

ముప్పావుగంటకి ఇల్లంతా మండీ వాసన.
నాయన మంచం మీద లేచి కూచున్నాడు.

చెంగల్రాయుడంటే
ఇరవై ఆరేళ్ళు వేపమండ పట్టుకొని
బెల్లం రాసుల చుట్టూ తిరిగినోడు.
కాటా ఆయన్ది కాదు, రాసులు ఆయన్వి కాదు,
ఈగలు మటుకే ఆయన్వి.
ఇప్పటికీ నిద్రలో కుడిచెయ్యి ఊగుతా ఉంటాది.

అడుగు మాడింది. నడుమ జారు.
ఎదురింటి డిల్లిబాబు రెండు ముక్కలు తిని
"ఓళిగ జారిపడి లేచినట్టుందక్కా" అన్నాడు,
మూడోది అడిగినాడు.

నాయన ముందర తట్ట పెట్టినా.
ఎక్కడ్నించి వచ్చిందో ఒక ఈగ,
పొడి మీద వాలి చేతులు రుద్దుకుంటా ఉంది.
పేరుకు తగ్గట్టు తోలబోతే
నాయన నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఉండనీమే.
మందేసి తెల్లగా చేసిన బెల్లం మీద అది వాలదు.
షావుకారికి చెప్పలా గానీ,
అన్నేళ్ళూ అది దేని మీద వాలిందో చూసే
మనింటికి బెల్లం తెచ్చినా."

ఈగ లేని పక్కన
చిన్న ముక్క తుంచుకున్నాడు.