రేటు

పొదలకూరు నిమ్మకాయల యార్డులో
పన్నెండేళ్లు కమీషన్ వ్యాపారం చేసినోడు చెంగల్రాయుడు.
బస్తాలోంచి ఒక్క కాయ తీసి
బొటనవేలితో నొక్కి
ఢిల్లీలో రేపు ఎండ ఎంతో చెప్పేవాడు.

ఇప్పుడు నొక్కేది జట్లని.

ఫైనల్ చేజర్లకీ మహ్మదాపురానికీ.
రెండు రోజుల ముందునుంచే నన్ను తిప్పినాడు:
మందుల షాపులో మోకాలి పట్టీ ఎవురు కొన్నారు,
ఓపెనర్ పెళ్లిచూపులకి పోయుండాడా, ఊళ్లోనే ఉండాడా,
రాత్రి పిచ్చికి నీళ్లు పట్టారా, రోలర్ తిరిగిందా.
అన్నీ విని, సిగరెట్ పెట్టె చించి
లోపలి తెలుపు మీద రాసినాడు:
చేజర్ల, రూపాయికి నలభై పైసలు.
మహ్మదాపురం, రూపాయికి రెండు.

"నలభైకి అవతల రెండున్నర రావాల గదన్నా?"
టెన్తులో లెక్కలకి తొంభై ఆరు నాకు.
"ఆ అర్ధరూపాయే రా అబ్బయా,
మీ వదిన పొయ్యిమీద ఉడికేది."

సాయంత్రం చేజర్లోళ్లు ట్రాక్టరేసుకుని దిగినారు.
మొలగొలుకులు అమ్మిన డబ్బు,
ఇంకా వడ్ల దుమ్ము వాసన పోలేదు నోట్లకి.
మా ఊరు, మా ఊరని పెడతా ఉంటే
నలభై ముప్పై అయింది, ముప్పై ఇరవై రెండయింది.
అవతల రెండు కాస్తా మూడున్నరకి ఎక్కింది.
ఒక్క బంతి పడలా.
ఎవుడి మోకాలూ బాగుపడలా, చెడలా.

"గెలిచేదెవురో నాకేం తెలుసురా" అన్నాడు
టీ గ్లాసు కడుగుతా.
"ఎవురికి ఎవురు ప్రియమో చూస్తా.
ప్రియమైంది యాడన్నా ప్రియంగానే ఉంటది.
చవగ్గా దొరికేది జనం వదిలేసింది."

దీపాల వేళకి మస్తాన్‌బీ వచ్చింది.
యార్డులో కాయలు ఏరే మనిషి,
పులుపుకి పగిలిన వేళ్లు.
కొంగుముడి విప్పితే మడతలుగా ఇరవై రూపాయలు.
"మా జిలానీ మీద."
"ఆటగాడి మీద కాదమ్మా, జట్టు మీద పెట్టాల."
"జట్టులో వాడు లేడా ఏంది?"

రాసుకున్నా: మహ్మదాపురం, ఇరవై.
పోతా పోతా అడిగింది,
"ఇప్పుడన్నా వాడి రేటు పెరిగిందా నాయనా?"
పెరగడమంటే ఏందో, తగ్గడమంటే ఏందో
ఆమెకి నేను చెప్పలేకపోయినా.

ఇరవైకి పైసా కూడా కదలదు.
కదల్లేదు.
చెంగల్రాయుడు నోటుబుక్కు తన వైపు తిప్పుకుని
ఆ వరస మీద బొటనవేలు ఆనించి
ఊరికే నొక్కి చూస్తా ఉన్నాడు,
కరెంటు పోయేదాకా.