అడుగు మన్ను

రాత్రి పదింటికి మిషన్ ఆగుతది.
బానయ్య తాళంచెవి జేబులేసుకొని
బీడీ ముట్టిస్తడు, నా దిక్కు చూడడు.
చూసుడు అక్కర్లేదు. నేనప్పటికే
వెల్లకిల పండుకొని గొలుసుల నడుమకు జరుగుతున్న,
చేతిల గడ్డపార ముక్క, నోట్లె టార్చి.

ప్రాణహిత ఒడ్డు మడి ఇది. కార్తీకం వచ్చినా ఆరదు.
పైన వరి పండి గలగలమంటది,
కింద బురద ఇంకా ఆషాఢంలనే ఉంటది.
గొలుసు బండి దిగినంక ఆ మన్ను ఊకుంటదా?
చుట్టం లెక్క వస్తది, లేవనంటది.
రోలరుకూ రోలరుకూ నడుమ సందు దేవులాడుతది,
ఇంజను పొట్ట కింది రేకు మీద
పొర మీద పొర కూసుంటది.
పొద్దుగూకేసరికి బండి
రెండు క్వింటాళ్ల పొలాన్ని
కడుపుల పెట్టుకొని తిరుగుతుంటది.

దాని మీదనే, జానెడెత్తుల, సైలెన్సర్.
ఆ సెగకు మన్ను ఇటుకైతది.
ఎగిరొచ్చిన పొట్టు, గడ్డి నలక
ఇటుక పగుళ్లల్ల చేరి
సాయంత్రానికి సన్నగ పొగ తీస్తది.
నిరుడు అంకీస దగ్గర ఒక బండి
ఇట్లనే లోపల్నుంచి రాజుకొని
చేను నడుమ తెల్లారిందాక కాలింది.
డ్రైవర్ దుంకిండు. చేను దుంకలేదు.

మొదటి ఏడు నేనొక తెలివి చేసిన.
ఆరితే తనంతట రాలుతది కదా అని
సైలెన్సర్ మూతి కిందికి తిప్పి కట్టిన.
రాలలేదు. కుండ కాలినట్టు కాలింది.
సుత్తె పెట్టి కొడితే సుత్తె మోగింది.

ఇంకో తెలివి, పాత ఇంజనాయిల్.
నున్నగ జారాలని రేకుకు దట్టంగ పూసిన.
మన్ను జారింది, అబద్ధమెందుకు.
పొట్టు జారలేదు.
నూనెకు అంటుకొని కుక్కబొచ్చు లెక్క పెరిగింది.
పగటీలి బానయ్య ముక్కు ఎగబీల్చి
"ఏందిరా కమురువాసన" అనుకుంట
నీళ్ల డబ్బా నా నెత్తి మీదనే గుమ్మరించిండు.
ఆ రోజు కూలి కూడ అందులనే కొట్టుకపోయింది.

మిషన్ వెనకాల పరిగె ఏరే ఆడోళ్లల్ల
రాజుబాయి ఉంటది.
బండి రాక ముందు ఈ మడినే
పన్నెండు మందిని తీసుకొచ్చి మూడ్రోజుల్ల కోసేదట.
ఇప్పుడు కొడవలి ఊరికే తెస్తది,
నడుముకు చెక్కుకొని, అలవాటుకు.

గట్టు మీద కూసొని నా తిప్పలు చూసి నవ్వింది.
"అరే పోరగా,
గిన్నె అడుగుకు బూడిద పుయ్యకుండ
పొయ్యి మీద పెడ్తరా ఎవలన్నా?
మసిని అంటకు అంటే ఆగుతదా?
అంటినా ఊడేటట్టు చేసుకోవాలె. గంతే, ఝాలం."

తెల్లారి పొయ్యిల బూడిద
యూరియా సంచిల నింపుకొని వచ్చింది.
నీళ్లు చిలకరించి చిక్కగ పిసికి
ఇద్దరం రేకుకు పూసినం,
ఆమె వేళ్ల గీతలు ఒక దిక్కు, నావి ఒక దిక్కు.
సైలెన్సర్‌ను ఇంకింత పైకి లేపి
అరచెయ్యి పట్టేంత ఖాళీ పెంచిన.
గాలి అటునుంచి ఇటు పోవాలె.
దాని మూతి ఆకాశం దిక్కు తిప్పిన,
వేడి ఎవల జోలికీ పోకుండ ఎల్లిపోవాలని.

ఆ రాత్రి ఒక్క పోటుకే
బూడిద పొరతోని సహా ఊడిపడ్డది మన్ను,
రొట్టె ఊడినట్టు, అంచులతోని.
అందుల ఇరికిన నాలుగు కంకులు
రాజుబాయి దులిపి ఒళ్లె వేసుకుంది.
గడ్డపార దూరని మూల ఒకటి మిగిలింది.
కొడవలి దూరింది.

ఇది అయిపోయే పని కాదు.
మూడెకరాలకొకసారి మళ్ల పుయ్యాలె,
ప్రతి మలుపుకాడ దిగి గీకాలె.
సిరొంచల చాయ్ హోటల్ కాడ బానయ్య
ఆ ఉపాయం తనదే అని చెప్పుకుంటుండట.
చెప్పుకోనీ.
రేపు ఆసరెల్లి దిక్కు పోవాలె.
అక్కడి మన్ను ఇంకా నలుపంటరు.
సంచిల బూడిద సగమే ఉంది.